రెండు లెక్కల పున్నమి

6 జనవరి 1988, బుధవారం, ఆదోని

సోమప్ప ఆయిల్ మిల్లుకు కొత్త కంప్యూటర్ వచ్చిందని కాలేజీలో అందరూ నెల నుంచి చెప్పుకుంటాండారు. ఈ రోజు చూసినాను. సోమప్ప వాళ్లమ్మ, మన ఇంట్లో వేసే పంచాంగం ఇంకొక ప్రతి కావాలని కబురు పెడితే, పాఠాలు అయినాక ఇచ్చి పోదామని మిల్లు ఆఫీసుకు పోయినాను. అంతే. కంప్యూటర్ చూడడానికి పోలేదు.

అద్దాల గది. బయట శెనక్కాయల చెక్క వాసన, లోపల ఏసీ చలి, కొత్త ప్లాస్టిక్ వాసన. చెప్పులు గడప దగ్గర విడవమన్నారు. ఆపరేటర్ పేరు యేసేపు. ముప్పై ఏండ్లుంటాయి. కర్నూలులో డిప్లొమా చేసినాడంట. నేను పోయిన ఎండాకాలం అనంతపురంలో లెక్కల లెక్చరర్లకు పెట్టిన క్లాసుల్లో బేసిక్ అనే కంప్యూటర్ భాష నేర్చుకున్నానని చెప్పేసరికి కుర్చీ తెచ్చి వేసినాడు. ఈ ఊర్లో దాని గురించి మాట్లాడే మనిషి కోసం కాచుకోని ఉన్నట్టున్నాడు.

"మామూలు కంప్యూటర్‌కు ఒక ప్రాసెసర్ ఉంటాది మేడం. ఆలోచన చేసేది అదే. దీనికి రెండు. ఈ టేబుల్ మీద తెర ఒకదానిది, ఆ టేబుల్ మీద తెర రెండోదానిది. ఒకటి గింజల స్టాకు చూస్తాంటే ఇంకోటి దాని పాటికి అది నూనె డబ్బాలు చూస్తాది. ఒకరి కోసం ఒకరు కాచుకునే పని లేదు."

"రెండింటికీ ఒకే పని ఇస్తే?"

యేసేపు నవ్వినాడు. "ఒకే పనికి ఇద్దరెందుకు మేడం?"

నిజమే. ఎందుకు? ఇంటికి వచ్చేదాకా అదే ఆలోచన. చిన్నప్పుడు మన ఇంట్లో రోజూ జరిగింది అదే కదా. పొద్దున పూజ అయినాక నాయన, చిన్నాయన నడిమింట్లో చెరో గోడకు ఆనుకోని కూర్చునేవాళ్లు. ఒకే తిథి. ఒకే నక్షత్రం. ఒకరి పలక ఒకరికి చూపకుండా లెక్క చేసేవాళ్లు. భోజనానికి ముందు పోల్చుకునేవాళ్లు. కలిస్తే అన్నం. కలవకపోతే, కలిసేదాకా అమ్మ విస్తర్లు వేసేది కాదు.


9 జనవరి

మాధవరం నుంచి భీమరావు గారు వచ్చినారు. ఆ ఊరి గుడిలో పూజ ఆయనదే. ఎప్పుడొచ్చినా ఒక సంచి, ఒక గొడుగు. ఈసారి సంచిలో నుంచి రెండు పంచాంగాలు తీసినారు. ఒకటి మనది. ఇంకొకటి ఎమ్మిగనూరుది, దత్తు చిన్నాయన వేసేది.

"వెంకోబారావు గారూ, ఫాల్గుణ పున్నమి నాడు మా గుడిలో సంతర్పణ. చుట్టుపక్కల ఊర్లన్నీ వస్తాయి. మీ దాంట్లో ఆ రోజు గ్రహణం లేదు. మీ తమ్ముడి దాంట్లో ఉంది. చంద్రుని అంచుకు చిన్న స్పర్శ అని రాసినాడు. రాత్రి భోజనాల వేళకే. నేను గుడి తలుపులు మూయల్లా, తెరవల్లా? పొయ్యి ముట్టించల్లా, వద్దా?"

నాయన రెండు పుస్తకాలనూ చేత్తో తడిమినాడు. తర్వాత, "గ్రహణం లేదు. రాసింది నేను," అన్నాడు.

నేను వంటింట్లో కాఫీ వడపోస్తాండాను.

నాయన రెండు కండ్లలోనూ శుక్లాలు. మనిషి ఆకారం తెలుస్తుంది, అంకె తెలీదు. చిన్నాయన ఇల్లు విడిచిపోయిన ఏడే మొదలయినాయి. అప్పటి నుంచి లెక్కలన్నీ నేనే చేస్తాండాను. నాయన నోటితో సూత్రం చెప్తాడు, నేను చేస్తాను, చదివి వినిపిస్తాను, సరే అంటాడు. అట్ట మీద పేరు నాయనది. ఇది బయట ఎవరికీ తెలీదు. చెప్పాల్సిన అవసరం రాలేదు.

భీమరావు గారు పోయినాక నాయన అన్నాడు: "సరసూ, ఇది తప్పయితే పంచాంగం ఆపేద్దాం. తప్పు లెక్క నమ్మించి గ్రహణం వేళ ఊర్లకు అన్నం తినిపించే పని మనకొద్దు. మళ్లా ఒకసారి చూస్తావా?"

చూసినాను. అదే వచ్చింది. భూమి నీడ అంచుకు వెంట్రుక వాసి దూరంలో చంద్రుడు దాటుకుంటాడు. కానీ నేను ఎన్నిసార్లు చూసినా ఏం లాభం? నా తప్పు నాకు కనపడదు.


10 జనవరి

చిన్నాయనను అడిగితే తేలిపోతుంది. రెండిండ్లకూ మాటల్లేవు, అడిగే పని లేదు.


12 జనవరి

సోమప్పను అడిగినాను. ఆదివారం మధ్యాహ్నం మిల్లుకు సెలవు, మిషను ఖాళీ. "మా అమ్మ మీ నాయన పంచాంగం చూడనిదే ఊరు కదలదు. వాడుకోండి. రెండు ప్రాసెసర్లని చెప్పి అమ్మినారు, కనీసం మీకన్నా పనికొస్తుందేమో," అన్నాడు.

ఆ మాటకు యేసేపు ముఖం వాడిపోయింది. తర్వాత నాతో చెప్పినాడు. ఆ మిషను కొనమని పట్టుబట్టింది తనే. సేల్స్ వాళ్లు పని సగం టైములో అవుతుందన్నారంట. స్టాకు రిపోర్టు మాత్రం పాత మిషనులో పట్టినంతసేపే పడుతోంది. "వాపసు పంపిస్తే నేనూ పోవాల్సిందే మేడం."

"ఎందుకు సగం కావడం లేదు?" అని అడిగినాను.

తెలీదన్నాడు. నాకూ తెలుసుకోవాలని ఉంది.


17 జనవరి, ఆదివారం

పొద్దు పోయేదాకా మిల్లులో. చేతివేళ్లు నొప్పి. చాన్నాండ్ల తర్వాత ఇంత సంతోషంగా ఉంది.

తిథి లెక్క ప్రోగ్రాము రాసి తెచ్చుకున్నాను. ముందు ఒక ప్రాసెసర్ మీదే ఏడాది మొత్తం నడిపించినాము. తర్వాత ఏడాదిని రెండుగా కోసి, చైత్రం నుంచి భాద్రపదం దాకా ఎడమ తెరకు, ఆశ్వయుజం నుంచి ఫాల్గుణం దాకా కుడి తెరకు ఇచ్చినాము. యేసేపు గడియారం చూస్తా నిలబడినాడు. దాదాపు సగం సమయంలో అయిపోయింది. ఆయన రెండు చేతులూ జేబుల్లో పెట్టుకోని, పైకప్పు చూస్తా, "సేల్స్ వాడు అబద్ధం చెప్పలేదు," అన్నాడు.

తర్వాత ఇంకొకటి చేసినాము. ముందు రోజు తిథి ఎక్కడ ముగిసిందో తెలిస్తే తప్ప మరుసటి రోజుది తెలీనట్టు ప్రోగ్రాము మార్చినాను. నాయన చేతిలెక్క చేసేది అట్లే. ఇప్పుడు రెండు ప్రాసెసర్లున్నా ఒకటే పని చేస్తాంది. రెండోది మొదటిది ముగించేదాకా ఊరికే కూర్చోనుంది. పనిలోనే వరస ఉంటే ఎంతమంది ఉన్నా వరసలోనే నిలబడాల.

మిల్లు రిపోర్టు సంగతి కూడా తెలిసింది. రెండు ప్రాసెసర్లూ లెక్క గబగబా ముగిస్తాండాయి. కానీ ప్రింటరు ఒకటే. రెండూ దాని ముందర నిలబడి కాచుకుంటాండాయి. లెక్క చేసే టైము కొంచెం, అచ్చు వేసే టైము మొత్తం. యేసేపు పెద్దగా నవ్వినాడు. "నేను ఇన్నాళ్లు ప్రాసెసర్‌ను తిట్టుకుంటాండా మేడం. అడ్డం పడింది ప్రింటరు."

చివర్లో, నేను వచ్చిన పని. గ్రహణం లెక్క. ఒకే ప్రోగ్రామును రెండింటికీ ఇచ్చినాను. ఎడమ తెర: నీడ తాకదు. కుడి తెర: నీడ తాకదు. చివరి అంకె దాకా రెండూ ఒకటే.

ప్రింటు తీసుకోని వచ్చి నాయనకు చదివి వినిపించినాను. "రెండూనా?" అన్నాడు. "రెండూ," అన్నాను. కాఫీ ఇంకొంచెం పోయమన్నాడు.

ఇంక చిన్నాయనతో పని లేదు.


23 జనవరి, శనివారం

ఎమ్మిగనూరుకు పోయి వచ్చినాను. చీర కొనడానికని నాయనతో చెప్పినాను.

ఇక్కడ కూడా అబద్ధం రాసుకోవడం ఎందుకు, చిన్నాయనకు ఆ ప్రింటు చూపించాలనే పోయినాను. గెలిచినామని చెప్పాలనే.

బస్టాండు నుంచి వాళ్ల సందు దాకా మగ్గాల చప్పుడు. వాళ్లు మన ఇల్లు విడిచిపోయిన ఈ ఎనిమిదేండ్లలో ఒక్కసారీ పోలేదు. పద్మాబాయి చిన్నమ్మ నన్ను చూసి వాకిట్లోనే నిలబడిపోయింది. చేతిలో చేట అట్లే ఉంది. "ఎవరో టీచరమ్మ అనుకుంటి. సన్నమయినావు సరస్వతీ," అని లోపలికి తీసుకుపోయి, నేను చెప్పులు విడిచేలోగా ఉగ్గానికి బొరుగులు నానబోసింది. నాయన ఆరోగ్యం, మన పాలామె, పెరట్లో కరివేపాకు చెట్టు, అన్నీ అడిగింది. చిన్నాయన ఒక్కటీ అడగలేదు.

బడిలో తెలుగు పండితునిగా రిటైరయినాడు. ఇంకా చొక్కా జేబులో ఎర్ర సిరా పెన్ను. ప్రింటు చేతికి ఇస్తే అద్దాలు పెట్టుకోని, విద్యార్థి పేపరు దిద్దినట్టు పై నుంచి కింది దాకా చదివినాడు.

"రెండు యంత్రాలు చెప్పినాయా ఇది?"

"ఒకే యంత్రం, రెండు ప్రాసెసర్లు. వేరే వేరేగా చేసినాయి. చివరి అంకె దాకా కలిసింది చిన్నాయనా."

"రెండింటికీ లెక్క నేర్పించింది ఎవరు?"

"నేను."

"అయితే కలవకుండా ఎట్లుంటుందమ్మా? ఒక మాటను రెండు నోళ్లతో చెప్పించినావు."

నాకు కోపం వచ్చింది. ఆయన కోపంగా అనలేదు. అదే ఇంకా కష్టంగా ఉంది.

లేచి, కిటికీలోంచి ఎండ పడే తావుకు రమ్మన్నాడు. కాఫీ తాగిన గ్లాసు గోడకు దగ్గరగా పట్టుకున్నాడు. "నీడ అంచు యాడుందో వేలు పెట్టు." పెట్టినాను. గ్లాసును మెల్లగా వెనక్కు జరుపుతా పోయినాడు. "ఇప్పుడు?" వేలు పెట్టబోయి ఆగినాను. అంచు అలుక్కుపోయింది. నీడ యాడ ముగిసిందో, వెలుతురు యాడ మొదలయిందో చెప్పలేని తావు ఒకటి ఉంది.

"మీ నాయన భూమిని ఉత్త బండరాయిగా లెక్కపెడతాడు. రాయికి నీడ ఎంతో అంత. నేను భూమి చుట్టూ ఉండే గాలిని కూడా కలుపుతాను. గాలి కూడా కొంచెం వెలుతురును ఆపుతుంది కదా. అందుకే నా నీడ పిసరంత పెద్దది. మామూలు గ్రహణానికి ఈ తేడా లెక్కలోకి రాదు. ఈ పున్నమికి వస్తుంది. చంద్రుడు సరిగ్గా ఆ పిసరులోంచి పోతాడు."

"ఇదేనా మీ ఇద్దరి కొట్లాట?"

"కొట్లాట గాలి గురించి కాదు. అట్ట మీద కొత్త పద్ధతి అని ఒక మాట వేద్దామన్నాను. మీ తాత లెక్క మనకు చాలదా అన్నాడు అన్న. నేను కూడా ఒక మాట అన్నాను." ఏమన్నాడో చెప్పలేదు.

ఆయన అంకెలు రాసుకున్నాను. వచ్చేటప్పుడు చిన్నమ్మ బస్టాండు దాకా వచ్చి, చీర నిజంగానే కొనిపించింది.


అదే రోజు సాయంత్రం

నాయన చీర చేతిలోకి తీసుకోని అంచు వేళ్లతో తడిమినాడు. "ఎమ్మిగనూరు నేత," అన్నాడు. మడత అట్లే ఒళ్లో పెట్టుకోని, "దత్తు ఎట్లుండాడు?" అన్నాడు.


31 జనవరి, ఆదివారం

ఎడమ తెరకు నాయన లెక్క. కుడి తెరకు చిన్నాయన లెక్క.

ఎడమది: తాకదు. కుడిది: తాకుతుంది, చంద్రుని దక్షిణం అంచున, గోరు కూడా కాదు.

యేసేపు గాబరా పడినాడు. "మిషను చెడిపోయిందా మేడం? పోయినసారి రెండూ ఒకటే చెప్పినాయి కదా."

"లేదు. ఇప్పుడే బాగా పని చేస్తాంది."

ఆయనకు నా మాట అర్థం కాలేదు. నాకు కూడా అది అన్నాకే అర్థమయింది. రెండు కలిసినప్పుడు నాకు తెలిసింది ఏమీ లేదు, మిషను తప్పు కూడలేదని తప్ప. విడిపోయినప్పుడు యాడ చూడాలో తెలిసింది.

"ఇంతకూ గ్రహణం ఉందా లేదా మేడం? చంద్రుడు రెండూ చేయలేడు గదా," అన్నాడు.

తెలీదన్నాను. తెలీదని ఇంత హాయిగా చెప్పడం ఇదే మొదటిసారి అనుకుంటా.

నాయనకు ఇంకా చెప్పలేదు. సమయం చూసి చెప్తాను.


7 ఫిబ్రవరి

చెప్పలేదు.


15 ఫిబ్రవరి, సోమవారం

కాలేజీకి యేసేపు వచ్చినాడు. సైకిలు దిగి చెట్టు కింద నిలబడి చెప్పినాడు. శనివారం మిల్లులో కరెంటు పోయి వచ్చి, ఎడమ ప్రాసెసర్ బోర్డు కాలిపోయిందంట. బయట దిగుమతికి శెనక్కాయల బండ్లు, లారీలు వీధి మలుపు దాకా ఉన్నాయి. పాత మిషను అయితే ఆ రోజుకు గేటు మూసుకునేవాళ్లు. ఈయన కుడి దాని మీదికి పని అంతా మార్చినాడు. నెమ్మదిగా అయినా ఆగకుండా నడిచింది. పొద్దు గూకే లోపల ఆఖరి బండి కూడా ఖాళీ అయింది.

"సోమప్ప గారు ఏమన్నారు?"

"ఏమీ అనలేదు మేడం. రెండో ప్రింటరు ఎప్పుడు తెప్పిస్తావని అడిగినారు."

కొత్త బోర్డు హైదరాబాదు నుంచి వస్తోంది. యేసేపు సైకిలు ఎక్కి గేటు దాకా తొక్కుకుంటానే నాతో మాట్లాడినాడు. క్లాసు పిల్లలు కిటికీలోంచి చూస్తాండారు.

ఒకటి ఆగిపోయినా ఇంకోటి నడుపుతుంది. ఇది కూడా ఒక ఉపయోగమే. ఇంటికి వస్తా నాయన కండ్ల గురించి ఆలోచించినాను. నాకు రేపు ఏమన్నా అయితే పంచాంగం ఎవరు చేస్తారు? ఇంతవరకూ ఎప్పుడూ రాని ఆలోచన.


21 ఫిబ్రవరి, ఆదివారం

చెప్పేసినాను.

భీమరావు గారు మళ్లా వచ్చినారు, తేల్చి చెప్పమని. నాయన నోరు తెరిచే లోపల నేను వంటింట్లోంచి వచ్చి నిలబడినాను. "నాయనా, చిన్నాయన లెక్క కూడా మిషనులో వేసినాను. ఆయన పద్ధతిలో తాకుతాంది. గాలిని కలిపినాడు."

నాయన కోప్పడతాడనుకున్నాను. తల కొంచెం పక్కకు వంచినాడు, లెక్క వినేటప్పుడు వంచినట్టు.

"ఎంత కలిపినాడు?"

చెప్పినాను. ఇంకేం కలిపినాడో అడిగినాడు. చెప్పినాను. పెదాలు కదుపుతా, వేళ్ల కణుపులు లెక్కపెడతా చాలాసేపు కూర్చున్నాడు. భీమరావు గారు గొడుగు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నారు.

"తప్పు లేదు," అన్నాడు నాయన ఆఖరికి. "వానికి ఆ గాలి యాడ దొరికిందో గాని, కూడిక సరిగ్గా చేసినాడు."

"అయితే గ్రహణం ఉన్నట్టేనా?"

"లేదనే వేసినాం. పున్నమి దాకా ఆ మాట మీదే ఉంటాం."

"మరి తలుపులు?"

"తలుపులు తెరిచే ఉంచండి. అన్నాలు మాత్రం పొద్దుండగానే పెట్టేయండి. అందరూ వెలుతుర్లో ఇండ్లు చేరుతారు."

భీమరావు గారు ఆ మాటను నెమరేసుకుంటా పోయినారు. ఆయనకు సగం అర్థమయినట్టు, చాలా నచ్చినట్టు కనిపించింది.

సాయంత్రం చిన్నాయనకు కార్డు రాసినాను. పున్నమి నాడు మన మిద్దె మీది నుంచి చంద్రుడు బాగా కనపడతాడని మాత్రమే.


28 ఫిబ్రవరి

జవాబు రాలేదు. కండ్ల ఆపరేషన్ గురించి ఇంకొకసారి ఎత్తినాను. "పున్నమి పోనీ," అన్నాడు నాయన.


2 మార్చి

నాయన మిద్దె మీద ధూళి ఊడ్పించినాడు. రెండు కుర్చీలు పైకి తీసుకుపొమ్మన్నాడు. ఎవరికని నేను అడగలేదు.


4 మార్చి, శుక్రవారం

నిన్న జరిగింది రాయాల. పొద్దున నుంచి వదలకుండా మనసులో తిరుగుతాంది.

మధ్యాహ్నం బస్సులో ఇద్దరూ వచ్చినారు. "ఆదోనిలో హోళి చూసి ఎన్నాండ్లయిందో, నేనే బయల్దేరదీసినా," అంది చిన్నమ్మ, ఎవరూ అడగకముందే. ఆమె చీర మీద వీధిలో పిల్లలు చల్లిన రంగు. చిన్నాయన నడిమింట్లోకి వచ్చి, తను ముందు కూర్చునే గోడ దగ్గర నిలబడినాడు. నాయన మంచం మీద. ఇద్దరూ మాట్లాడుకోలేదు. చిన్నమ్మ, నేను వంట చేసినాము. పొద్దుండగానే అందరం తిన్నాము. ఎందుకు పొద్దుండగానే అని ఎవరూ అడగలేదు.

చీకటి పడినాక యేసేపు వచ్చినాడు. వాళ్ల తమ్ముడిని కూడా తీసుకొద్దామనుకున్నాడంట, వాడు రంగుల్లో మునిగి దొరకలేదు. అందరం మిద్దె ఎక్కినాము. నాయనను నేను ఒక చేయి, చిన్నమ్మ ఒక చేయి పట్టుకున్నాము. రెండు కుర్చీల్లో అన్నదమ్ములు. మధ్యలో మనిషి పట్టేంత సందు.

కాముని మంటల పొగ పడమటి వీధుల మీద ఉంది. తూర్పు తేటగా ఉంది. చంద్రుడు మంచి తెల్లగా పైకి వచ్చినాడు. లెక్క ప్రకారం తొమ్మిదిన్నర దాటినాక చూడాల. ఆ లోపల యేసేపు ఒకసారి, "మేడం, ఇప్పుడు ఎడమదా కుడిదా?" అన్నాడు మెల్లగా.

అప్పుడు కుడి పక్క అంచు మారడం మొదలయింది. నల్లగా కాదు. పాల గిన్నె అంచుకు పొగ చూరినట్టు. చూస్తాంటే ఉంది, తేరిపార చూస్తే లేదు.

"ఏం కనపడుతాంది?" అన్నాడు నాయన. ఎవరినీ అడిగినట్టు లేదు.

నేను చెప్పబోయినాను. చిన్నమ్మ నా మణికట్టు పట్టుకుంది.

చిన్నాయన కుర్చీ ముందుకు జరిపి కూర్చున్నాడు. చాలాసేపు చూసినాడు. తాకింది అని ఒక్క మాట అంటే చాలు. నాయనకు కనపడదు, కాదనలేడు. ఎనిమిదేండ్ల మాట నెగ్గుతుంది.

"దక్షిణం అంచు మాసింది అన్నా," అన్నాడు. "పొగ మాదిరి ఉంది. లోపలికి పోయేకొద్దీ పల్చన. నల్ల గీత కోసం చూస్తాండా. కనపడలేదు."

"అసలే లేదా?"

"ఉందని చెప్పలేను. లేదని కూడా చెప్పలేను. గీత ఉండాల్సిన తావులోనే మాసింది."

నాయన ఆ వైపు ముఖం పెట్టుకోని కూర్చున్నాడు. "ఇంకా చెప్పు," అన్నాడు.

చిన్నాయన చెప్తా పోయినాడు. ఇప్పుడు ఎట్లుంది, మాసిన భాగం కిందికి జరిగిందా, రంగు బూడిదా ఎరుపా. నాయన మధ్యలో ప్రశ్నలు. నిమిషాలు నన్ను చూసి చెప్పమన్నారు. నేను చెప్తాండాను. అంచు మళ్లా తెల్లబడేదాకా ఇద్దరూ అట్లే మాట్లాడుకున్నారు. వేరే మాట ఒక్కటీ లేదు. క్షమాపణ లేదు, పాత కొట్లాట ప్రస్తావన లేదు. చంద్రుడు ఒక్కడే.

ఇది నిన్న. ఈ రోజు పొద్దున ఇంకొకటి జరిగింది.

కాఫీ తాగుతా నాయన అన్నాడు: "దత్తూ, ఒక మాట. ఆ లెక్కలు నావి కావు. నాకు కండ్లు కనపడక ఎనిమిదేండ్లు. అన్నీ సరసు చేస్తాంది. పేరు నాది వేస్తాండా."

నా చేతిలో గ్లాసు కాలుతాంది. కింద పెట్టడం తోచలేదు.

"తెలుసు అన్నా," అన్నాడు చిన్నాయన.

"ఎట్ల తెలుసు? ఎవరికీ చెప్పలేదు."

"నీ పంచాంగం ప్రతి ఉగాదికీ తెప్పించుకుంటాను. ముందు నీ తప్పులు వెతుకుతాను. నీ తప్పు యాడ వస్తాదో నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. పెద్ద కూడికల్లో పక్క స్థానానికి మోయాల్సిన అంకె మరిచిపోతావు. ఎనిమిదేండ్లుగా ఆడ తప్పు రావడం లేదు."

నాయన ముఖం చిన్నబోయిందో, వెలిగిందో నాకు తెలీలేదు. "తప్పులే లేవా?" అన్నాడు.

"ఉన్నాయి. అవి వేరే తావున ఉన్నాయి. అమావాస్య దగ్గరికి వచ్చేసరికి ఆ పిల్ల తొందర పడుతుంది. పోయిన ఏడు ఆషాఢంలో చూడు. మొదటి రెండేండ్లు ఎవరిదో అర్థం కాలేదు. తర్వాత పద్మ చెప్పింది, సరస్వతి అన్నంలో చారు కూడా అట్లే తొందరగా పోసుకుంటుందని."

చిన్నమ్మ వంటింట్లోంచి నవ్వింది.

నేను పెరట్లోకి పోయి, కరివేపాకు దూస్తా నిలబడినాను. ఏడ్చినాననుకోను. ఎనిమిదేండ్లుగా ఆ గదిలో నేను ఒక్కదాన్నే లెక్క చేస్తాండానని అనుకున్నాను. ఎమ్మిగనూరులో ఒకరు ఎర్ర సిరా పెన్నుతో ప్రతి తిథీ నాతోపాటు చేస్తాండారు. ఆషాఢం అమావాస్య వెంటనే తీసి చూసినాను. నిజమే. తప్పే.


20 మార్చి

ఉగాది అయిపోయింది. విభవ పంచాంగం ముందే అచ్చయిపోయింది కాబట్టి అట్ట మార్చలేదు. వచ్చే ఏడాది శుక్ల సంవత్సరానిది మారుతుంది. ఎవరి పేరు ముందుండాలని నాయన, చిన్నాయన అప్పుడే వాదించుకుంటాండారు. నా పేరు ఉండాలన్న దగ్గర మాత్రం వాదన లేదు.

నాయన కండ్ల ఆపరేషన్‌కు ఒప్పుకున్నాడు. కర్నూలుకు చిన్నాయన వెంట పోతాడు.


10 ఏప్రిల్, ఆదివారం

పొద్దున ఆదోని ఆస్పత్రిలోనే, ఆపరేషన్ అయిన కన్నుకు కట్టు విప్పి లావు అద్దాలు పెట్టినారు. నాయన ముందు నా ముఖం చూడలేదు, నా చేతిలోని కాగితం చూసినాడు. "అంకెలు ఇంత చిన్నగా రాస్తావా నువ్వు?" అన్నాడు.

మధ్యాహ్నం మిల్లుకు పోయినాను. కొత్త బోర్డు బిగించినారు. రెండో ప్రింటరు కూడా వచ్చింది. యేసేపు దాని మీద దుమ్ము పడకుండా తువ్వాలు కప్పినాడు. శుక్ల సంవత్సరం లెక్క మొదలుపెట్టినాము. ఎడమ ప్రాసెసర్‌కు నేను రాసిన ప్రోగ్రాము. కుడిదానికి చిన్నాయన ఎమ్మిగనూరులో కూర్చోని తన పద్ధతిలో వరసగా రాసి పంపింది. నాది ఆయన చూడలేదు. ఆయనది నేను చదవలేదు. యేసేపే దాన్ని ప్రోగ్రాముగా మార్చి టైపు చేసినాడు.

చైత్రంలోనే తేడా వచ్చింది. చిన్నది కాదు, ఏకాదశి రోజే మారిపోతాంది. ఎవరిది తప్పో ఇంకా తెలీదు. నాది కాదనిపిస్తోంది. అమావాస్య దూరంలో ఉంది.

రేపు పొద్దున మొదటి బస్సుకు ఎమ్మిగనూరు పోతాండాను. నాయన కూడా వస్తానంటాడు.